శుక్రవారం ఎర్రనీళ్లు

రిటైరై మూడేళ్లయినా నాకు ఫోన్లు ఆగలేదు. గిన్నెలు కడిగే మిషన్ కొనాలనుకుంటున్నాం, ఏ కంపెనీది మంచిది అని అడుగుతారు. నేను చెప్పను. చెబితే అది చెడిపోయిన రోజు మోగేది నా ఫోనే. బదులుగా నేనే మూడు ప్రశ్నలు వేస్తాను. మీ ఇంట్లో నీళ్లు బోరువా, నల్లావా? మీ గిన్నెల్లో సిల్వర్‌వి, ఇత్తడివి ఎన్ని ఉన్నాయి? మిషన్ అడుగున ఉండే జాలీని వారానికోసారి తీసి కడిగే ఓపిక మీ ఇంట్లో ఎవరికుంది? మూడో ప్రశ్నకు ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, ఆ ఇంటికి మిషన్ అప్పుడే వద్దని చెప్పేస్తాను. బోరు నీళ్లయితే ఉప్పు పోసే తొట్టి ఉన్నది తీసుకోవాలి. అందులో మిషన్ ఉప్పే పోయాలి గానీ వంటింటి ఉప్పు పోయకూడదు. సిల్వర్ గిన్నెలు వేస్తే నల్లబడతాయి. ఇవన్నీ మిషన్‌తో పాటు వచ్చే పుస్తకంలో ఉన్నవే. ఏ మిషన్ పుస్తకమూ ఎవరూ చదవరు కాబట్టే నా ఉద్యోగం ముప్పై ఏళ్లు నడిచింది.

ఆ పుస్తకంలో లేని సంగతి ఒకటుంది. దాన్ని నేను సిద్దిపేటలో ఒక ఇంట్లో, నా తప్పు వల్ల నేర్చుకున్నాను. ఆ తప్పుతో మిషనేమీ చెడిపోలేదు. ఇళ్లల్లో బోళ్లు తోముకుని బతికే ఒక ఆడమనిషి మీద బానామతి చేసిందన్న నింద పడింది. మా వైపు చేతబడిని అలా అంటారు. ఆ మాట ఒక మనిషికి అంటుకుంటే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పని పోతుంది, కిరాయి గది పోతుంది, దెబ్బలు పడతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆ నిందకు మొదటి మాట నాదే. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. పెద్దవాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

నేను ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు బాగుచేస్తూ ముసలివాణ్ణయినవాణ్ణి. గిన్నెలు కడిగే మిషన్లు మా ఊళ్లోకి చెప్పుకోదగ్గట్టుగా వచ్చింది కరోనా తర్వాతే. పనివాళ్లను ఇంట్లోకి రానివ్వని ఆ నెలల్లో ఆడవాళ్ల చేతులు పగిలిపోయి, తర్వాత ఒక్కొక్కరే కొనడం మొదలుపెట్టారు. మా సర్వీస్ సెంటర్లో అందరికంటే పెద్దవాణ్ణని నన్ను హైదరాబాద్ పంపి రెండు రోజులు ట్రైనింగ్ ఇప్పించారు. చివర్లో ఒక టోపీ, ఒక సంచి ఇచ్చారు. సంచి గట్టిది, ఇప్పటికీ కూరగాయలకు అదే వాడుతున్నాం. ఆ రెండు రోజుల చదువుతో నేను ఊళ్లో ఈ మిషన్లకు డాక్టర్ని అయిపోయాను. డాక్టర్లాగే నాకూ కొంత పొగరు ఉండేది. ఏ ఇంట్లోనైనా తప్పు ఇదీ అని చెప్పకుండా బయటికి రాలేదని చెప్పుకునేవాణ్ణి.

ఆ ఇంటివాళ్లది వేములఘాట్. ఊరు రిజర్వాయర్ కిందికి పోయాక సిద్దిపేట వచ్చి ఇల్లు కట్టుకున్నారు. కొడుకు ఎరువుల దుకాణం నడిపేవాడు. ఇంట్లో ఏం జరిగినా అతను దుకాణంలోనే ఉండేవాడు కాబట్టి అతని గురించి నాకు తెలిసింది ఇంతే. కోడలు బడిలో టీచర్. ఇంటి పెత్తనం అత్తగారిది. డెబ్బై దగ్గరున్న మనిషి, మాట కరుకు, చూపు ఇంకా కరుకు. నేను మిషన్ బిగిస్తున్నంతసేపూ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"సారూ, ఇంట్ల అందరి ఎంగిలి పళ్లాలు ఒక్క కాడనే ఏస్తిమి. గవే నీళ్లు తిప్పితిప్పి కొడ్తదా?" అని అడిగింది.

"మధ్యల నాలుగు సార్లు నీళ్లు మారుస్తదమ్మా. మీదికెల్లి సలసల కాగే వేడి. మన చెయ్యి పెట్టరాదు."

"కాగుతదా? అయితె సరె. అగ్గిల పడ్డంక ఎంగిలి ఏడిది?" అని ఒప్పుకుంది. కంపెనీవాళ్లు రెండు రోజుల్లో చెప్పినదాన్ని ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. తర్వాత మిషన్‌కు కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాకు సగం చిప్ప ఇచ్చింది.

అప్పటిదాకా ఆ ఇంట్లో బోళ్లు తోమిన ఆమె వెనక తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. నలభై దాటిన మనిషి. దౌల్తాబాద్ దిక్కునుంచి వచ్చింది. మొగుడు పోయాడు. ఆ గల్లీలోనే నాలుగిళ్లలో బోళ్లు తోముతూ, గల్లీ చివర ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది.

"సారూ, గిది ఎన్ని బోళ్లు తోముతది?" అని నన్ను అడిగింది.

నేను గొప్పగా చెప్పాను. ఒక్కసారికి ఇంటిల్లిపాది గిన్నెలు, కుక్కర్‌తో సహా అన్నాను. ఆమె చేతిలోని పీచు అక్కడే అరుగు మీద పడేసింది.

"ఇగ నాతోటేం పని అమ్మా మీకు? తోమనియ్యుండ్రి దానితోనే. నా నోట్ల మన్ను కొట్టి తెచ్చిన్రు గద, గది సుత ఎన్నొద్దులు సక్కగ నడుస్తదో సూస్త" అని వెళ్లిపోయింది. కడుపు మండినవాళ్లు అనే మాటే. ఆ రోజు అత్తగారూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

రెండు నెలలకు కంప్లైంట్ వచ్చింది. సెంటర్లో ఫోన్ ఎత్తిన పిల్ల చీటీ మీద "నీళ్లు ఎర్రగా వస్తున్నాయి" అని రాసింది. తుప్పు అనుకున్నాను. బోరు నీళ్లకు అది మామూలే. శనివారం వెళ్లాను. అత్తగారు వంటింటి గుమ్మంలోనే ఆపి, గొంతు తగ్గించి చెప్పింది.

"తుప్పు గాదు సారూ. నెత్తురు."

సంగతి ఇది. ఒక శుక్రవారం మిషన్ నడుస్తుండగా మరిచిపోయిన గ్లాసు ఒకటి వేద్దామని ఆమె తలుపు తీసింది. లోపల నురగంతా ఎర్రగా, అడుగున నీళ్లు ఎర్రగా ఉన్నాయి. మూసేసి దేవుడికి దండం పెట్టుకుంది. కడగడం పూర్తయ్యాక చూస్తే గిన్నెలు తళతళలాడుతున్నాయి, నీళ్లు లేవు, ఎరుపు లేదు. మంగళవారం మధ్యలో తీసి చూసింది, మామూలే. ఆదివారం చూసింది, మామూలే. మళ్లీ శుక్రవారం చూస్తే ఎర్రగా ఉంది. అలా మూడు శుక్రవారాలు. బడికి సెలవైన శుక్రవారం కోడలు కూడా ఒకసారి చూసింది.

నేను మిషన్ మొత్తం ఊడదీశాను. తుప్పు లేదు. తిరిగే రెక్కల్లో రెండు ఆవాలు, ఒక కరివేపాకు ఈనె దొరికాయి. తలుపు రబ్బరు మూలల్లో పసుపుపచ్చని మరక ఉంటే గుడ్డతో తుడిచేశాను. మన ఇళ్లల్లో కూరల మరక లేని మిషన్ నేను చూడలేదు. ఖాళీగా ఒకసారి నడిపాను. నీళ్లు గాజులా ఉన్నాయి. ఏ పొడి వేస్తున్నారు, ఉప్పు ఏది పోస్తున్నారు, ఏ గిన్నెలు వేస్తున్నారు అని అడిగాను. అన్నీ సరిగ్గానే చేస్తున్నారు. మూడు గంటలు పట్టింది. చొక్కా తడిసిపోయింది. ఆమె పీట మీద కూర్చుని అడిగింది.

"మరి ఎందుకట్లయితుంది సారూ?"

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగండి. దీనికి నిజమైన జవాబు "తెల్వదమ్మా" అన్న ఒక్క మాట. నాకు తెలియదు. కానీ ముప్పై ఏళ్లలో నేను ఆ మాట ఏ ఇంట్లోనూ అనలేదు. టోపీ పెట్టుకుని అనడం ఇంకా కష్టం. పనిముట్లు సంచిలో వేసుకుంటూ నవ్వాను.

"దిష్టి తగిలినట్టున్నదమ్మా! గీ గల్లీల గింత మంచి మిషిన్ ఇంకెవ్వలకున్నది? ఎవ్వలదో కన్ను పడ్డది. మిషిన్లనే తప్పుంటె నా చేతికి దొరక్కుండ యాడికి పోతది?"

నేనొక్కణ్ణే నవ్వాను. ఆమె నవ్వలేదు. చీటీ మీద "మిషన్‌లో లోపం లేదు" అని రాసి, కోడలితో సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

పదిరోజుల తర్వాత అదే గల్లీలో ఇంకో ఇంటికి వాషింగ్ మిషన్ బెల్టు మార్చడానికి వెళ్లాను. మంగళవారం. ఆ ఇంటావిడ నాకు చాయ్ ఇచ్చి, తానే బట్టలు పిండుకుంటూ పనిమనిషిని మాన్పించామని చెప్పింది. ఎందుకని మాటవరసకు అడిగాను.

"అయ్యో, మీకు తెల్వదా సారూ? ఆ మూలింట్ల గిన్నెల మిషిన్ల శుక్రారం శుక్రారం నెత్తురు పారుతుందట. పని బంద్ వెట్టిచ్చిన్రని బోళ్లు తోమే ఆమెనే చేసిందట."

"ఎవ్వలన్నరమ్మా గట్ల?"

"ఎవ్వలో అంటె నమ్మకపోదుము సారూ. మెకానిక్ సారే జెప్పిండట. మిషిన్ అంత ఇప్పి సూసిండట, మిషిన్ల ఏం తప్పు లేదు, ఇది మనిషి చేసిన పనే అన్నడట. రాసి సుత ఇచ్చిండట. పేరున్న మెకానికట!"

ఆ మెకానిక్ నేనే అని చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట గల్లీ మాత్రమే దాటింది గానీ ఆ గల్లీలోనే ఆమె బతుకంతా ఉంది. మిగిలిన మూడిళ్లూ ఆమెను మాన్పించాయి. గది ఓనరు ఖాళీ చేయమన్నాడు. వచ్చే శుక్రవారం పక్క మండలం నుంచి చేతబడి కట్లు విప్పే మనిషిని పిలిపిస్తున్నారట. మిషన్ ఎర్రబడగానే ఆమెను పిలిచి, అందరి ముందర కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయిస్తారట. చెయ్యనంటే బానామతి చేసినట్టే లెక్క. చేస్తే అబద్ధపు ప్రమాణం అంటారు. ఎట్లా చూసినా ఆమెకు దారి లేదు. అంతటితో ఊరుకుంటారో, చేతులు కూడా లేస్తాయో ఎవరూ చెప్పలేరు.

సెంటర్‌కు వచ్చి ఈ సంగతి ఒక్కరికే చెప్పాను. స్పేర్ పార్టుల గదిలో ఉండే సాబ్‌కు. నాకంటే రెండేళ్లు చిన్న. మా ఇద్దరి సర్వీసూ కలిసే నడిచింది. ఆయన స్క్రూ డబ్బాలు సర్దుతూ అంతా విన్నాడు.

"భాయ్, మిషిన్ ఇప్పినవ్, నోరు సుత ఇప్పినవ్. మిషిన్ మల్ల బిగిచ్చినవ్ గాని నోరు బిగిచ్చుడు మర్శినవ్" అన్నాడు.

"తమాషకు అన్న సాబ్."

"తమాష నీకు. ఆ బీదామె జాన్ మీదికొచ్చింది. పోయి జెప్పు, నాకు తెల్వక అన్ననని."

"ఎందుకు ఎర్రగైతుందని అడిగితే ఏం జెప్పాలె?"

"అది సుత తెల్వదని జెప్పు. ఏం, తెల్వదంటె నౌక్రీ పోతదా?"

నిజానికి అదే భయం నాకు. లోపం లేదని రాసిచ్చిన చీటీ సెంటర్లో ఉంది. నేను దిష్టి అన్నానని కంపెనీకి తెలిస్తే చివరి ఏడాదిలో పరువు పోతుందని రెండు రోజులు నాన్చాను. ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, ఆమె కోసం సయించలేదో, నా కోసమో నాకే తెలియదు.

గురువారం మధ్యాహ్నం మామూలుగానే ఇద్దరం టిఫిన్లు విప్పాం. సాబ్ ఇంటి నుంచి ఖట్టీ దాల్, అన్నం వచ్చింది. ఆయన చెంచా ముట్టడు, చేత్తో కలుపుకుని తింటాడు. తిన్నాక వేళ్లన్నీ పప్పుతో పసుపుపచ్చగా ఉన్నాయి. పంపు దగ్గర సబ్బు అయిపోయింది. పక్కన గిన్నెల మిషన్ పొడి శాంపిల్ పొట్లం పడి ఉంటే అది చేతిలో పోసుకున్నాడు. అలా కడుక్కోకూడదు, తోలు మండుతుంది, పొట్లం మీద రాసే ఉంటుంది. వద్దు సాబ్ అనబోయి ఆగిపోయాను. ఆయన అరచేతుల్లో నురగ ఎర్రగా తిరిగింది.

ఇద్దరం ఆ చేతుల వంక చూశాం.

తెల్లచొక్కా మీద కూర మరక పడి, దానికి సబ్బు రుద్దితే ఎర్రబడడం చూడని ఇల్లు మన దగ్గర ఉందా? పసుపులో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు చూడనివాళ్లు ఉన్నారా? ఇంట్లో మా ఆవిడ నెలకోసారి చేసేదే. నీళ్లు పోసి కడిగేస్తే మళ్లీ పచ్చబడుతుంది, అదీ తెలుసు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. నేను గుడ్డతో తుడిచేసిన రబ్బరు మూలల మరక అప్పుడు గుర్తుకొచ్చింది. కానీ కూరలో పడే పసుపు నీళ్లన్నీ ఎర్రబడేంత ఉండదు. అంత పసుపు ఆ మిషన్‌లోకి, అదీ శుక్రవారమే, ఎక్కణ్ణుంచి వస్తోంది?

"పో, సూడు" అన్నాడు సాబ్, చేతులు గబగబా కడుక్కుంటూ. "గీసారి కండ్లు తెరిచి, నోరు మూసుకోని సూడు."

శుక్రవారం పొద్దున్నే వెళ్లాను. అప్పటికే వరండాలో గల్లీ ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. కట్లు విప్పే పెద్దమనిషి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన పక్కన నిమ్మకాయల సంచి ఉంది. బోళ్లు తోమే ఆమె గేటు లోపల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తలస్నానం చేసి రమ్మన్నట్టున్నారు, జుట్టు తడిగా ఉంది. ఎవరూ ఆమెకు దగ్గరగా నిలబడలేదు. ఆమె నన్ను చూసింది, మొహం తిప్పుకుంది. ఆమెకూ తెలుసన్నమాట ఆ మాట ఎవరిదో.

కోడలు బడికి సెలవు పెట్టింది. నన్ను చూడగానే ఎదురొచ్చి, "నేను వద్దనే అంటున్న సారూ, నా మాట ఎవ్వలు ఇంటలేరు" అంది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. మిషన్ నడపకముందు ఒక్కసారి చూస్తానంటే లోపలికి తీసుకెళ్లింది.

వంటింట్లో అత్తగారు ఉంది. మిషన్ తలుపు కిందికి దించి, పక్కన చిన్న గిన్నెలో తడిపిన పసుపు పెట్టుకుని, దించిన తలుపు అంచు పొడుగునా గడపకు రాసినట్టు ఒత్తుగా పసుపు పూస్తోంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా. మధ్యమధ్య కుంకుమ బొట్లు కూడా పెట్టింది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "అమ్మా, ఇది ప్రతి శుక్రవారం రాస్తరా?"

"రాయనా మరి? శుక్రారం గడపకు పసుపు లేకుంటెట్ల?" అంది, నా వంక చూడకుండా. "మా ఊళ్లె ఇంటికి అయిదు గడపలుండె. అన్ని నీళ్లల్ల పోయినయ్. గీ ఇంటికి బయిట ఒక్కటే గడప, గది సుత గ్రానైటు, పసుపు పట్టదు. వంటింటికైతె గడపనే లేదు. గీ తలుపు దించితె నాకు గడప లెక్కనే కండ్లవడ్డది."

కోడలి వంక చూశాను. ఆమె ప్రతి శుక్రవారం ఆ పసుపు చూస్తూనే గిన్నెలు పేర్చి, పొడి వేసి, బటన్ నొక్కి బడికి వెళ్లేది. గడపకు పసుపు లేకపోతే కళ్లకు కనిపిస్తుంది గానీ, ఉంటే ఎవరు చూస్తారు? నేనేమో పొడి గురించి అడిగాను, ఉప్పు గురించి అడిగాను, శుక్రవారం ఈ ఇంట్లో ఏం చేస్తారని అడగలేదు.

అందరినీ లోపలికి పిలవమని కోడలికి చెప్పాను. పట్టినంతమంది వంటింట్లోకి వచ్చారు, మిగిలినవాళ్లు కిటికీ దగ్గర నిలబడ్డారు. బోళ్లు తోమే ఆమెను కూడా రమ్మన్నాను. ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఒక స్టీలు పళ్లెంలో తలుపు మీది పసుపు కొంత తీసి, వేడినీళ్లు పోసి, చెంచాడు మిషన్ పొడి వేశాను. పళ్లెం ఎర్రబడింది. గుంపులోంచి "అవ్వో" అని ఎవరో అన్నారు.

అత్తగారు పసుపు గిన్నె కింద పెట్టి లేచింది. "నువ్వేదో పొడి కలిపినవ్ సారూ. పసుపుల నెత్తురేంది? పసుపంటె లచ్చిమి. నా పసుపుకు వంక పెడ్తవా?" ఆమె గొంతు పెంచింది. కోపం అనుకున్నాను, భయం అని తర్వాత అర్థమైంది.

"నా పొడి వద్దమ్మా. మీ ఇంట్ల బట్టల సబ్బుతోని మీ చేతులు మీరే కడుక్కోండ్రి."

పసుపు చేతులు సబ్బుతో కడగకూడదని ఆమె పట్టింపు. ఎప్పుడూ ఉత్తనీళ్లతో కడిగి కొంగుకు తుడుచుకునేది. ఇప్పుడు అందరూ చూస్తున్నారు. సింక్ దగ్గరికెళ్లి సబ్బు బిళ్ల తీసుకుని రెండు చేతులూ రుద్దుకుంది. రెండు అరచేతులూ ఎర్రగా అయ్యాయి. ఆమె వాటిని అలాగే ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. కోడలు పంపు తిప్పి, ఆ చేతుల మీద నీళ్లు పోసింది.

ముందుగా తేరుకున్నది కట్లు విప్పే పెద్దమనిషి. "సూసిన్రా! నేను ఇంట్ల అడుగు పెట్టంగనే ఉన్నదంత బయటవడ్డది" అన్నాడు. నిమ్మకాయల సంచి, ఒక కొబ్బరికాయ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషి నుంచి మన వృత్తివాళ్లు నేర్చుకోవలసింది చాలా ఉంది. అది నేర్చుకోకండి.

గుంపు కదలబోతుంటే అత్తగారు నా వైపు తిరిగింది. "మరి దిష్టి తగిలిందని నువ్వే అంటివి గద సారూ? మిషిన్ల తప్పు లేదని నువ్వే రాసిస్తివి. నీ మాట మీదనే గద నేను గింత దూరం పోయిన?"

అందరూ నన్నే చూశారు. వాషింగ్ మిషన్ ఇంటావిడ కూడా ఉంది. ఆ పేరున్న మెకానిక్ ఎవరో ఆమెకు అప్పుడే తెలిసింది. సాబ్ నేర్పిన మాట తప్ప నా దగ్గర వేరే మాట లేదు.

"నాకు తెల్వలేదమ్మా" అన్నాను. "ఎందుకు ఎర్రగైతుందో నాకు ఆ దినం తెల్వలేదు. తెల్వదని చెప్పనీకి నామోషి అయి దిష్టి అన్న. ఇందుల ఈమె తప్పు ఏం లేదు, మీ తప్పు సుత లేదు. అంత నాదే."

అత్తగారు క్షమించమని ఎవరినీ అడగలేదు. అడిగే రకం కాదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, గుమ్మంలో ఉన్న ఆమెతో, "లోపటికి రావే, చాయ్ తాగు" అంది. ఆమె, "వద్దమ్మా, కడుపు నిండింది" అని గేటు వైపు నడిచింది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. గది ఓనరు ఖాళీ చేయమనడం మానేశాడు. మూడిళ్లలో రెండు మళ్లీ పిలిచాయి. మూడోది పిలవలేదు. "కాదని తేలింది గాని, మనకెందుకొచ్చిన లొల్లి" అన్నారట. ఒకసారి అంటుకున్నది పసుపు మరక కంటే మొండిది. పిలిచిన ఇళ్లకు కూడా ఆమె వెళ్లలేదు. గది ఆమే ఖాళీ చేసి, ఊరికి ఆ చివర ఒక ఫంక్షన్ హాల్లో పనికి కుదిరింది. అత్తగారు ఇప్పుడు పసుపు మిషన్ బయటి వైపు రాస్తుంది. మిషన్ బాగానే నడుస్తోంది. నేను రిటైరయ్యేదాకా మిగిలిన ఆ కొన్ని నెలలూ, తెలియనిచోట తెలియదని చెప్పాను. ఒక్కరు కూడా నన్ను చిన్నచూపు చూడలేదు. "సరె సారూ, తెలుసుకోని రాండ్రి" అన్నారంతే. ముప్పై ఏళ్లు నేను దేనికి భయపడ్డానో నాకు అర్థం కాలేదు.

ఆ శుక్రవారం నేను ఆమె వెనకే గేటు దాకా వెళ్లాను. ఆమె చెప్పులు వేసుకుంటోంది. ఏమని పిలవాలో తెలియక, "చెల్లె" అన్నాను. "తప్పయింది. నవ్వులాటకు అన్న. గిట్లయితదనుకోలే."

ఆమె తలెత్తి నన్ను చూసింది. నాకు తిట్లు పడతాయనుకున్నాను, పడితే బాగుండనిపించింది కూడా. ఆమె గొంతులో కోపం లేదు.

"తెల్వదని ఒక్క మాట అంటె అయిపోతుండె గద సారూ. నేను దినాం అంటనే ఉంట. చెంచ యాడ వోయిందే అంటె తెల్వదమ్మా అంట. గలాసెట్ల పలిగిందే అంటె తెల్వదమ్మా అంట. ఇన్నేండ్లల్ల నా మాట ఒక్కల్లు నమ్మలే. నువ్వంటె నమ్ముదురు."